సెత్స్వానా వాఙ్మయమునకు దారి తీసిన పత్రికాధిపతి: సాలొమన్ ప్లాకీ

ఒక భాషలో నవలకు నేల చదును చేసినవాడు తన నవలను మాత్రము పరభాషలో వ్రాసెనన్నచో వినువారికి వింతగా దోచును. దక్షిణాఫ్రికాలోని సెత్స్వానా భాష విషయమున నిట్లే జరిగినది. బోత్స్వానా దేశమునను, దానిని ఆనుకొనియున్న దక్షిణాఫ్రికా ప్రాంతములందును నివసించు త్స్వానా ప్రజల మాతృభాష యిది. ఈ భాషలోని నవలాకారులలో ఎవరు ఎవరివలన ప్రభావితులైరి, ఒకరి కథలోని పాత్ర మరియొకరి కథలో ఏ రూపున తిరిగి జన్మించినది, ఏ సామెత ఎచ్చటినుండి ఎచ్చటికి చేరినది అను చర్చలు నేడు విద్వాంసులలో సాగుచున్నవి. ఆ చర్చను ఏ కొసనుండి మొదలిడినను తుదకొక మనుష్యుని వాకిటికి రాక తప్పదు. అతడే సాలొమన్ త్షెకిషో ప్లాకీ. వృత్తిచే పత్రికాధిపతి, అవసరముచే రాజకీయవాది, స్వభావముచే భాషాప్రియుడు.

ఇతడు 1876వ సంవత్సరము అక్టోబరు 9వ తేదీన ఆరెంజ్ ఫ్రీ స్టేట్‌లోని బోషోఫ్ ప్రాంతమున బారొలోంగ్ తెగకు చెందిన కుటుంబమున జనించెను. అసలు ఇంటిపేరు మొగోది. పూర్వము ఒక గ్రీక్వా భూస్వామి వీరి పెద్దలకు పెట్టిన ప్లాకీ యను డచ్చి మారుపేరే కాలక్రమమున ఇంటిపేరై నిలిచినది. త్షెకిషో యనగా వారి భాషలో తీర్పు అని అర్థము. వాల్ నది యొడ్డున ప్నీల్ అను గ్రామమున జర్మను మిషనరీలు నడపిన పాఠశాలలో ఇతని చదువు సాగినది. క్రమబద్ధమైన చదువు మూడవ తరగతిని మించలేదు. మిషనరీ భార్య ప్రత్యేకముగా ఆంగ్లమును, సంగీతమును నేర్పెను. ఇంట తల్లియు, బంధుస్త్రీలును తెగ పూర్వకథలను చెప్పిరి. ఈ రెండవ బడియే ఇతనికి పెద్ద బడి యైనదని మా యభిప్రాయము. సెత్స్వానా, ఆంగ్లము, డచ్చి, జర్మను, ఖోసా, జులూ, సెసోతో, కొరానా భాషలన్నియు ఇతని నాలుకపై నాడుచుండెను.

1894లో కింబర్లీ నగరమునకు వచ్చి తపాలా కచేరీలో తంతివార్తలు మోయు కొలువున జేరెను. వజ్రపు గనుల పట్టణమగు కింబర్లీలో చదువుకొన్న ఆఫ్రికనులు కొందరు సభలు పెట్టుకొని వాదోపవాదములు సల్పుచు, నాటకములు చూచుచు కాలము గడుపుచుండిరి. అచ్చటనే ప్లాకీ హామ్లెట్ నాటకప్రదర్శనమును చూచెను. ఆ మహాకవి గ్రంథములను చేతబట్టుటకు అదియే హేతువైనది. నాటకశాలనుండి అనేకులు వినోదమును తెచ్చుకొందురు. ఇతడు ఒక జీవితకాలపు పనిని తెచ్చుకొనెను.

ఆ కవియే ఇతని వివాహమునకును తోడ్పడెనని చెప్పవచ్చును. ఇతడు వరించిన ఎలిజబెత్ ఎమ్బెల్లె మఫెంగు తెగకు చెందిన ఖోసా భాషీయురాలు. అన్య తెగలో సంబంధము ఇరువైపుల పెద్దలకును సమ్మతము గాలేదు. ఒకరి భాషలో మరియొకరు జాబు వ్రాయుటకు తగినంత నేర్పు లేకపోవుటచే వధూవరులిద్దరును ఆంగ్లముననే జాబులు వ్రాసికొనిరి. రోమియో జూలియట్ల కథ వారి కథకు దర్పణమైనది. 1898లో వివాహము జరిగినది. అక్కడ నాటకము విషాదాంతము. ఇక్కడ సంసారము నిలిచినది. కులాంతర వివాహమన్నంతనే తలుపులు మూయు మన పెద్దలీ వృత్తాంతమును చదువుట మంచిది.

ఆ సంవత్సరముననే మఫెకింగ్ పట్టణమున న్యాయస్థానములో దుబాసీగా నియుక్తుడయ్యెను. ముద్దాయి మాటలో ఒక్క పదమును తప్పుగా తిప్పినచో అతని స్వాతంత్ర్యమే, ఒక్కొక్కప్పుడు ప్రాణమే పోవును. ఈ ఉద్యోగధర్మమును గూర్చి ప్లాకీ యొక వ్యాసమే వ్రాసెను. అనువాదమును ఇతడు ఎన్నడును అలంకారముగా భావింపక బాధ్యతగా భావించుటకు ఈ న్యాయస్థానపు శిక్షణయే కారణమై యుండును. 1899 అక్టోబరులో బోయరులు ఆ పట్టణమును ముట్టడించిరి. 217 దినములు ముట్టడి సాగినది. ఆంగ్లేయులు దానినొక వీరగాథగా లోకమంతట చాటుకొనిరి. కాని ఆ గోడలలోపల నల్లవారు ఏమి తినిరి, ఎందరు ఆకటిచే కృశించిరి, బారొలోంగులు తుపాకి పట్టి ఎట్లు కావలి కాచిరి అను సంగతులను లోపలినుండి వ్రాసిన నల్లజాతి దినచర్య యొక్కటే. అది యిరువది మూడేండ్ల ప్లాకీ వ్రాసినది. ఆ వ్రాతప్రతి 1969 వరకు ఎవరి కంటను బడలేదు, 1973లో అచ్చయినది.

పిమ్మట ఉద్యోగమును వదలి పత్రికారంగమున బ్రవేశించెను. సైలస్ మొలేమా యను బారొలోంగ్ ప్రముఖుని ధనసహాయముతో 1901లో మఫెకింగ్‌నుండి కొరాంతా యా బెచువానా యను వారపత్రిక వెలువడసాగెను. ఆంగ్లము, సెత్స్వానా రెండును అందుండెను. అప్పులచే అది నిలిచిపోయినది. 1910లో కింబర్లీనుండి త్సాలా యా బెచువానా, తరువాత త్సాలా యా బాతో యను పేరుతో మరల ప్రయత్నించెను. వారి భాషలో త్సాలా యనగా మిత్రుడు. ప్రజామిత్రుడైన పత్రికకు ప్రజలు సకాలమున చందా పంపుట ఏ ఖండముననైనను అరుదే కాబోలు!

1912 జనవరి 8వ తేదీన బ్లూంఫాంటీన్ నగరమున దక్షిణాఫ్రికా దేశీయుల జాతీయ మహాసభ స్థాపింపబడినది. నేటి ఆఫ్రికన్ నేషనల్ కాంగ్రెసునకు అదియే తొలిరూపము. ప్లాకీ దానికి ప్రథమ ప్రధానకార్యదర్శి. మరుసటి సంవత్సరముననే పిడుగు పడినది. 1913 జూను 19న అమలులోనికి వచ్చిన దేశీయుల భూమిచట్టము, దేశమందలి భూమిలో నూటికి ఏడుపాళ్లు మాత్రము ఆఫ్రికనుల కొరకు నిర్దేశించి, దానికి వెలుపల వారు భూమి కొనుటను గాని కౌలుకు పుచ్చుకొనుటను గాని నిషేధించెను. ఆరెంజ్ ఫ్రీ స్టేట్‌లో తెల్ల భూస్వాముల నేలను పాలికి దున్నుకొనుచు, తమ సొంత పశువులతో, సొంత విత్తులతో తరతరములుగా బ్రతికిన కుటుంబములు ఒక్క పెట్టున నిరాధారమైనవి. పశువులను యజమానికి అర్పించి కూలివాండ్రుగా నిలువవలెను, లేదా దారిబట్టి పోవలెను. భూమి గల పాఠకులకు, కౌలుదారీ కష్టసుఖములెరిగిన పాఠకులకు, దీని భావము వేరుగ విప్పి చెప్పనక్కరలేదు.

ప్లాకీ కచేరీలో గూర్చుండి సంపాదకీయములు వ్రాసి ఊరకుండలేదు. సైకిలెక్కి ఆ చలికాలమున రోడ్లవెంట దిరిగెను. మేపుటకు గడ్డినేల లేక దారిలో చచ్చుచున్న మందలను, బండ్లపై సామాను కట్టుకొని ఎక్కడికి పోవలయునో తెలియక నిలిచిన కాపురములను గాంచెను. ఒక కుటుంబమున దారిలోనే శిశువు మరణించినది. పాతిపెట్టుటకు తమదని చెప్పుకొన గల జానెడు నేల లేక ఆ తలిదండ్రులు రాత్రివేళ, ఎవరును చూడకుండ, పరుల నేలలో గుంట త్రవ్వి ఆ బిడ్డను దాచిరి. ఈ వృత్తాంతమునే అతడు పిమ్మట తన గ్రంథమున నెక్కించెను. ఆ యేడే నాటాలులో గాంధీమహాత్ముని నాయకత్వమున భారతీయ కూలీలు, వారిలో అరవవారును మన తెలుగువారును, గనులను తోటలను విడిచి సత్యాగ్రహమునకు నడచిరి. ఒకే దేశము, ఒకే సంవత్సరము, రెండు జాతుల దుఃఖము.

1914లో మహాసభ పక్షమున ఐదుగురు ప్రతినిధులు లండనునకు బోయిరి. వలసరాజ్యముల మంత్రి వినెను, ఏమియు జేయలేదు. ఇంతలో మహాయుద్ధము వచ్చినది. తక్కినవారు తిరిగి వచ్చిరి. ప్లాకీ మాత్రము 1917 వరకు అచ్చటనే నిలిచి, ఉపన్యాసములతో పొట్ట పోసికొనుచు, 1916లో దక్షిణాఫ్రికాలో దేశీయుల జీవితము అను మహాగ్రంథమును ఆంగ్లమున ప్రకటించెను.

విశేషమేమనగా ఆ సంవత్సరముననే ఇతడు మాతృభాషకు చేసిన సేవయు ఫలించినది. 732 సెత్స్వానా సామెతలను సేకరించి, ఒక్కొక్కదానికి ఆంగ్లానువాదమును, దానికి సాటివచ్చు ఐరోపా సామెతను జతపరచి ప్రకటించెను. లండను విశ్వవిద్యాలయపు ధ్వనిశాస్త్రజ్ఞుడు డానియెల్ జోన్సుతో గూడి, అంతర్జాతీయ ధ్వనిలిపిలో సెత్స్వానా వాచకమును కూర్చెను. ఆ భాషలో పలుకు హెచ్చుతగ్గు స్వరమును బట్టి అర్థము మారును. సాధారణ రోమను లిపి దీనిని చూపజాలదు. మూడవ తరగతి చదివిన మనుష్యుడు విశ్వవిద్యాలయాచార్యునకు గురుస్థానమున గూర్చుండెను. ఆ కవి మరణించి 300 ఏండ్లయిన సందర్భమున లండనులో వెలువడిన సంస్మరణ సంపుటమునకు ఇతడొక వ్యాసమును రెండు భాషలలోను వ్రాసి యిచ్చెను. షేక్స్‌పియరు పేరును త్సికిన్యా చాకా యని, అనగా శస్త్రమును ఝళిపించువాడని, సెత్స్వానా వేషము తొడిగించెను. బానిస వాడు యజమాని కోటు తొడుగుకొనుట వేరు. గృహస్థుడు అతిథిని తన పీటపై గూర్చుండబెట్టుట వేరు. ప్లాకీ చేసినది రెండవది.

1919లో రెండవమారు రాయబారమునకు బోయి బ్రిటిషు ప్రధాని లాయిడ్ జార్జిని దర్శించిరి. ప్రధాని సానుభూతిని జూపి స్మట్సునకు వ్రాసెను. భూమిచట్టము చెక్కుచెదరలేదు. ఆ నిరాశానంతరమే, 1920 ప్రాంతమున, లండనులో కూర్చుండి ప్లాకీ మ్హూడీ యను నవలను ఆంగ్లమున రచించెను.

అందలి కథ నూరేండ్ల వెనుకటిది. మజిలికాజీ యను మటబేలే రాజు బారొలోంగులపై పన్ను విధించెను. బారొలోంగ్ నాయకుడు పన్ను వసూలునకు వచ్చిన దూతలను చంపించెను. దానికి ప్రతీకారముగా కునానా నగరము ఒక్కరాత్రిలో బూడిదయైనది. తెల్లవారి చరిత్రములు మటబేలేలు కారణము లేకయే రక్తపాతము జేసిరని వ్రాసినవి. దూతల వధ సంగతిని ప్లాకీ తెగ పెద్దల నోట వినెను. వినిన పిదప పాతచరిత్ర నమ్మలేకపోయెను. ఆ వినాశమునుండి తప్పించుకొన్న మ్హూడీ యను యువతియు, రా-థాగా యను యువకుడును సింహములు తిరుగు అరణ్యమున కలిసికొని దంపతులగుదురు. పిమ్మట వలస వచ్చిన బోయరులతో బారొలోంగులు చేయి గలిపి మజిలికాజీని ఉత్తరమునకు తరుముదురు. కథలో ధైర్యము, వివేకము ఎక్కువగ స్త్రీ పక్షమున నుండుట గమనింపదగినది. బోయరులు తమ సేవకులను హింసించుట మ్హూడీ కన్నులకు ముందే కనబడును. భర్త ఆ స్నేహపు మత్తులోనే యుండును.

ఓడిపోయిన మజిలికాజీ నోట గ్రంథకర్త ఒక కథను చెప్పించును. ఒకడు సింహపుకూనను తెచ్చి ఆవుపాలు పోసి పెంచెను, అది యెదిగి ఆ యింటివారినే చీల్చినది. బోయరులను ఆదరించిన బారొలోంగుల గతియు నంతే యని శత్రురాజు జోస్యము. 1913 చట్టమును చూచినవాడు ఈ కథను వ్రాయుచున్నాడని తెలిసిన పాఠకునికి ఆ జోస్యము గుండెలో గ్రుచ్చుకొనును.

ఈ నవలలో ఎవరెవరి జాడలున్నవని విమర్శకులు వెదకిరి. రైడర్ హగ్గార్డు వ్రాసిన జులూ సాహసకథల నీడ యున్నది. షేక్స్‌పియరు వలె వీరులనడుమ హాస్యగాండ్రను నిలుపుట యున్నది. మొఫాట్ మిషనరీ కురుమాన్ ముద్రాశాలలో 1857 నాటికి పూర్తిగా అచ్చొత్తిన సెత్స్వానా బైబిలు ధ్వని విలాపఘట్టములలో వినబడును. ఇవన్నియు నిజమే. కాని హగ్గార్డు కథలలో ఆఫ్రికా యొక వేటభూమి. ప్లాకీ కథలో అది ఇల్లు. తీసికొన్న పనిముట్లు పరులవి, కట్టిన గోడలు తనవి. అదే కాలమునకు చెందిన సెసోతో రచయిత థామస్ మొఫోలో, మజిలికాజీకి ఒకప్పటి ప్రభువగు చాకాను నాయకునిగా జేసి వ్రాసిన నవల 1925లో వెలువడినది. ఇరుగుపొరుగు భాషలలో ఇద్దరు రచయితలు ఒకే యుగపు రక్తచరిత్రను రెండు వైపులనుండి త్రవ్వుట యాదృచ్ఛికము కాదు.

నవలను ఆంగ్లములో నేల వ్రాసెనను ప్రశ్నకు సమాధానము దాని పీఠికలోనే యున్నది. దేశీయుల మనస్సును పరులకు తెలుపుట యొక ఉద్దేశము. ఆ పుస్తకము అమ్మిన సొమ్ముతో, మరుగునబడుచున్న సెత్స్వానా జానపదకథలను సేకరించి బడిపిల్లలకొరకు అచ్చువేయించుట రెండవ ఉద్దేశము. అనగా పరభాష కూలిపని. దాని కూలితో మాతృభాషకు అన్నము. పాపము, ఆ కూలి చేతికి రాలేదు. ప్రకాశకులు పదేండ్లు ఆ వ్రాతప్రతిని ముట్టలేదు. 1930లో లవ్‌డేల్ మిషను ముద్రాశాల దానిని ప్రకటించినది. ఇతడు అమెరికాలో నుండగా 1921లో మరణించిన కుమార్తె ఆలివ్‌కు ఆ గ్రంథమంకితము.

అమెరికానుండి తెచ్చుకొన్న చలనచిత్ర యంత్రమును బండిపై వేసికొని ఊరూర చిత్రములు చూపుచు కొంతకాలము గడపెను. అంతకు ముందే 1923లో లండనులో, నేడు దక్షిణాఫ్రికా జాతీయగీతములో భాగమైన ఎన్కోసి సికెలేలి గీతమును తన కంఠముతో గ్రామఫోనుపలకకు ఎక్కించెను. ఆ గీతమునకు లభించిన తొలి శబ్దముద్రణము అదియే.

చివరి దశలో ఇతనిని మిక్కిలి బాధించినది లిపి వివాదము. సెత్స్వానాకు ఒక్కొక్క మిషను ఒక్కొక్క వర్ణక్రమమును తెచ్చినది. ఒకే పదమును ఇతని పత్రిక యొక తీరున, సామెతల పుస్తకము మరియొక తీరున, నేటివారు వేరొక తీరున వ్రాయుదురు. దీనిని సరిదిద్దుటకై విశ్వవిద్యాలయాచార్యులును, ప్రభుత్వమును కూడి, పరభాషలకు గూడ సరిపడునట్లు కొత్త వర్ణక్రమమును నిర్ణయింపబూనిరి. ఆ భాషను తల్లిపాలతో త్రాగినవారి మాటకు అందు విలువ లేకపోయెనని ప్లాకీ పత్రికలలో పోరాడెను. సంస్కరణమే వలదని ఇతడనలేదు. సంస్కరించు హక్కు ఎవరిదని యడిగెను. ధ్వనిలిపి యందు ఆరితేరినవాడే ఈ ప్రశ్న వేయుట గమనింపవలెను.

ఆ పోరాటము నడుమనే అనువాదములు సాగినవి. కామెడీ ఆఫ్ ఎర్రర్స్ నాటకము దిఫోషో-ఫోషో యను పేర 1930లో మొరీజాలో అచ్చయినది. ఈ నాటకమునే మన వీరేశలింగముగారు చమత్కార రత్నావళిగా తెనిగించిరి. జూలియస్ సీజరును అంతకు ముందే వావిలాల వాసుదేవశాస్త్రిగారు తెలుగుచేసిరి. ప్లాకీ ఎన్నుకొన్న రెండవ నాటకమును ఆ సీజరే. కాని అది అచ్చగుట చూచు భాగ్యము అతనికి లేకపోయెను. 1932 జూను 19న, భూమిచట్టము అమలైన తేదీనాడే, జొహానెస్‌బర్గులో న్యుమోనియాచే మరణించెను. దేహమును కింబర్లీలో సమాధిచేసిరి. సీజరు అనువాదము 1937లో వెలువడినది. దానిని పరిష్కరించినవాడు ఆచార్య లెస్ట్రేడ్. ఏ కొత్త వర్ణక్రమమును ప్లాకీ తుదివరకు ఎదిరించెనో, ఆ వర్ణక్రమముననే అతని మాటలను అచ్చొత్తిరి; మాటలను గూడ అచ్చటచ్చట మార్చిరి. ఎదురుచెప్పుటకు అతడు లేడు.

అయినను విత్తు మొలచినది. 1940లో మొలోతో వ్రాసిన మొక్వేనా ప్రకటితమైనది. సెత్స్వానా తొలి నవలగా దీనినే చెప్పుదురు. 1953లో అతడే వ్రాసిన మొతిమేది యను నవల పేరునకు దారితప్పినవాడని అర్థము. బైబిలులోని తప్పిపోయిన కుమారుడు తలపునకు రాక మానడు. సెబోని యను విద్వాంసుడు 1947లో రమ్మోనె వా కల్గాడి యను నవలను వ్రాసెను. షేక్స్‌పియరు నాలుగవ హెన్రీని అనువదించెను. 1962లో సామెతల సంపుటమును కూర్చెను. నవల, నాటకానువాదము, సామెతలు: ఈ మూడింటిని ఒక్కచేత బట్టుట ప్లాకీ వేసిన దారియే గదా! రదిత్లాది మాక్బెత్‌ను అనువదించెను. 1960 మొదలు మోన్యాయిసె తన నవలలలో పట్నపు జీవితమును సామెతల నుడికారముతో అల్లి, కొన్ని నవలలకు సామెతలనుండియే పేర్లు పెట్టి, ఆ భాషావచనమున అగ్రగణ్యుడని పేరందెను. అతని పిమ్మట వచ్చిన మలోపె మొదలగువారి రచనలలో మోన్యాయిసె జాడలను విమర్శకులు చూపుదురు. బోత్స్వానాలో స్థిరపడిన బెస్సీ హెడ్, ఆంగ్లమున వ్రాసిన నవలాకారిణి, ప్లాకీ భూమిచట్ట గ్రంథపు 1982 ముద్రణమునకు పీఠిక వ్రాసినది.

వీరందరును ప్లాకీ నవలను చదివియే వ్రాసిరని మేము చెప్పము. ప్రభావము సర్వదా పుస్తకమునుండి పుస్తకమునకు సరళరేఖవలె పోదు. పొలమునకు వచ్చు నీరు ఏ చెరువుదో రైతు ఎరుగును గాని ఏ వానదో ఎరుగడు.

మ్హూడీ విషయమునను తరువాత నొక వింత బయటపడినది. లవ్‌డేల్ ముద్రాశాల పత్రములలో 1970 ప్రాంతముల దాని టైపుప్రతి దొరకినది. అందు కథను ఒక వృద్ధుడు చెప్పుచుండగా విన్నట్లు కూర్పు గలదు. 1930 ముద్రణమున ఆ వృద్ధుని తొలగించిరి. తీసివేసినది ప్రకాశకులా, గ్రంథకర్తయే యా అను వాదము నేటికిని తెగలేదు. ఆ ప్రతిననుసరించిన ముద్రణము 1978లో వచ్చినది. ప్లాకీ మరికొన్ని షేక్స్‌పియరు నాటకములను సెత్స్వానా చేసెననియు, వానిలో వెనిస్ వర్తకుడు గలదనియు తెలియుచున్నది. ఆ వ్రాతప్రతులు మాత్రము దొరకలేదు.